ఆస్పెక్ట్‌ల ద్వారా మెథడ్ స్థాయి క్యాషింగ్

మెథడ్ స్థాయి క్యాషింగ్ అనగా సాఫ్ట్‌వేరులో ఒక మెథడ్‌కు ఇచ్చిన విలువలను, అది తిరిగి ఇచ్చిన ఫలితాన్ని జతగా భద్రపరచి, మళ్ళీ అవే విలువలతో ఆ మెథడ్‌ను పిలిచినపుడు పనిని తిరిగి చేయకుండా భద్రపరచిన ఫలితాన్నే అందించే పద్ధతి. దీనికి కావలసిన కోడ్‌ను ప్రతి మెథడ్‌లోనూ విడివిడిగా రాయకుండా, ఒకేచోట రాసి కావలసిన మెథడ్‌లన్నిటికీ వర్తింపజేయడానికి ఆస్పెక్ట్ ఓరియంటెడ్ ప్రోగ్రామింగ్ ఉపయోగపడుతుంది. జావాలో ఆస్పెక్ట్‌జె, స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్, డాట్‌నెట్‌లో పోస్ట్‌షార్ప్ వంటివి ఇందుకు వీలు కల్పిస్తాయి. పైథాన్ భాషలోని డెకరేటర్లు కూడా దాదాపు ఇదే పని చేస్తాయి, కానీ వాటిని ఆస్పెక్ట్‌లు అని పిలిచే అలవాటు లేదు.

మెథడ్ పైన ఒక్క వరుస గుర్తు రాస్తే క్యాషింగ్ మొదలవుతుంది. అయితే ఏ ఫలితాన్ని ఎవరికి, ఎంతకాలం ఇవ్వవచ్చు అన్న నిర్ణయం ఆ ఒక్క వరుసలో కనిపించదు. ఈ పద్ధతిలో వచ్చే చిక్కులలో అధికభాగం అక్కడినుండి పుట్టినవే.

చరిత్ర

క్యాష్ అనే పదానికి మూలం ఫ్రెంచి భాషలో "దాచు" అనే అర్థం గల క్రియ. డబ్బు అనే అర్థంలో వాడే క్యాష్‌తో దీనికి సంబంధం లేదు. ఉచ్చారణ ఒకటే కావడం వలన తెలుగులో రెండూ ఒకే విధంగా రాయబడుతున్నాయి. నిదానంగా పనిచేసే పెద్ద మెమరీకి ముందు వేగంగా పనిచేసే చిన్న మెమరీని ఉంచాలన్న ఆలోచనను కేంబ్రిడ్జికి చెందిన మారిస్ విల్క్స్ 1965లో ఒక చిన్న పత్రంలో వివరించాడు. ఆయన దానిని "స్లేవ్ మెమరీ" అన్నాడు. 1968లో ఐబీఎం సిస్టమ్ 360 మోడల్ 85 కంప్యూటరు గురించి వెలువడిన వ్యాసాలతో క్యాష్ అనే పేరు వాడుకలోకి వచ్చింది. ఇవి రెండూ హార్డ్‌వేరుకు సంబంధించినవి. ప్రోగ్రాములోని ఒక ఫంక్షను తన పాత సమాధానాలను తానే గుర్తుంచుకోవాలన్న ఆలోచనకు "మెమో ఫంక్షన్" అన్న పేరు పెట్టినవాడు డొనాల్డ్ మికీ. ఆయన వ్యాసం కూడా 1968లోనే నేచర్ పత్రికలో ప్రచురించబడింది. నేటి మెథడ్ స్థాయి క్యాషింగ్‌కు దగ్గరి పూర్వరూపం ఇదే.

ఆస్పెక్ట్ ఓరియంటెడ్ ప్రోగ్రామింగ్ జిరాక్స్ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రూపొందింది. గ్రెగర్ కిజాలెస్, ఆయన సహచరులు 1997లో ఫిన్లాండులో జరిగిన ఒక సదస్సులో దీనిని వివరించే పత్రాన్ని సమర్పించారు. ఆ పత్రంలోని ప్రధాన ఉదాహరణ చిత్రాలను శుద్ధిచేసే ఒక ప్రోగ్రాము. దానిని సులభంగా అర్థమయ్యే రీతిలో రాస్తే 768 వరుసలు వచ్చింది, కానీ చాలా నిదానంగా నడిచింది. మధ్యలో వచ్చే ఫలితాలను గుర్తుంచుకోవడం, లూపులను కలపడం, మెమరీని ముందుగా కేటాయించడం వంటి మెరుగులను చేతితో చేర్చగా అది 35,213 వరుసలకు పెరిగింది. ఆ మెరుగులను విడి ఆస్పెక్ట్‌లుగా రాసినపుడు అసలు ప్రోగ్రాము, ఆస్పెక్ట్‌లు కలిపి 1,039 వరుసలే అయ్యాయి. వాటిని కలిపే సాధనానికి మరో 3,520 వరుసలు పట్టినా, వేగం మాత్రం చేతితో రాసినదానికి సాటిగా ఉన్నదని రచయితలు తెలిపారు. ఫలితాలను గుర్తుంచుకోవడం అనేది ఆస్పెక్ట్‌లకు తరువాతి కాలంలో దొరికిన ఉపయోగం కాదని, వాటి పుట్టుకలోనే ఉన్నదని దీనివలన తెలుస్తున్నది. ఆస్పెక్ట్‌జె 1.0 2001లో విడుదలైంది, 2002లో ఎక్లిప్స్ ప్రాజెక్టులో చేరింది.

సాధారణ ప్రోగ్రామర్లకు ఈ పద్ధతి అందుబాటులోకి రావడానికి మాత్రం మరికొన్నేళ్ళు పట్టింది. 2011 డిసెంబరులో వెలువడిన స్ప్రింగ్ 3.1లో "క్యాషబుల్" అనే గుర్తు చేర్చబడింది. మెథడ్ పైన ఈ గుర్తు రాస్తే చాలు, మిగతా పనిని ఫ్రేమ్‌వర్క్ చూసుకుంటుంది. జావాలో క్యాషింగ్‌కు ఒక ప్రమాణాన్ని ఏర్పరచడానికి 2001లో మొదలైన జేఎస్ఆర్ 107 ప్రతిపాదన 2014లో గానీ పూర్తికాలేదు. పైథాన్‌లో "ఎల్‌ఆర్‌యూ క్యాష్" డెకరేటరు 2011లో 3.2 వెర్షనుతో వచ్చింది.

ఆస్పెక్ట్ అవసరం

ఒక విశ్వవిద్యాలయపు పరీక్షా ఫలితాల వ్యవస్థను ఉదాహరణగా తీసుకొనవచ్చు. అందులో హాల్‌టికెట్ నంబరు ఇస్తే విద్యార్థి మార్కుల జాబితాను డేటాబేసు నుండి తెచ్చే మెథడ్ ఒకటి ఉన్నదనుకుందాం. ఫలితాలు వెలువడిన రోజున ఒకే నంబరును విద్యార్థి, తల్లిదండ్రులు, కళాశాలవారు పదేపదే అడుగుతారు. ప్రతిసారీ డేటాబేసు దాకా వెళ్ళడం వృథా. కాబట్టి ప్రోగ్రామరు ఆ మెథడ్‌లో క్యాష్‌ను చేరుస్తాడు. ముందు క్యాష్‌లో వెతకాలి, దొరికితే ఇవ్వాలి, దొరకకపోతే డేటాబేసును అడిగి, వచ్చినదానిని క్యాష్‌లో పెట్టి, అపుడు ఇవ్వాలి. రెండు వరుసల మెథడ్ పది వరుసలవుతుంది. ఇదే పనిని రుసుముల మెథడ్‌కు, పరీక్షా కేంద్రాల మెథడ్‌కు, పాఠ్యాంశాల మెథడ్‌కు కూడా చేయాలి. తరువాత క్యాష్ సాఫ్ట్‌వేరును మార్చవలసి వస్తే వీటన్నిటినీ తిరగరాయాలి.

లాగింగ్, భద్రతా తనిఖీ, ట్రాన్సాక్షన్ల నిర్వహణ కూడా ఇటువంటివే. ఇవి ఏ ఒక్క క్లాసుకూ చెందవు, ప్రోగ్రాము అంతటా వ్యాపించి ఉంటాయి. ఇలా వ్యాపించినదానిని ఒకచోటికి తెచ్చి రాసిన భాగమే ఆస్పెక్ట్. అందులో ఏమి చేయాలో చెప్పే కోడ్‌ను అడ్వైస్ అని, ఎక్కడెక్కడ చేయాలో చెప్పే నియమాన్ని పాయింట్‌కట్ అని అంటారు. రెండింటినీ అసలు ప్రోగ్రాముతో కలపడం వీవింగ్, అనగా నేత. పడుగులోకి పేకను నేసినట్లు అసలు కోడ్‌లోకి ఆస్పెక్ట్ నేయబడుతుంది. తయారైన గుడ్డలో రెండు దారాలూ ఉంటాయి కానీ అవి వేర్వేరు కండెల నుండి వచ్చినవి.

పనిచేసే విధానం

క్యాషింగ్‌కు "చుట్టూ" వర్తించే అడ్వైస్ కావాలి. మెథడ్‌కు ముందు మాత్రమే, లేక తరువాత మాత్రమే నడిచే అడ్వైస్ సరిపోదు, ఎందుకంటే క్యాష్‌లో ఫలితం దొరికినపుడు అసలు మెథడ్‌ను నడపకుండా ఆపగలగాలి. చుట్టూ వర్తించే అడ్వైస్‌కు ఆ అధికారం ఉన్నది. అది మెథడ్‌కు వచ్చిన విలువల నుండి ఒక కీని తయారుచేసి, ఆ కీతో క్యాష్‌లో వెతుకుతుంది. దొరికితే దానిని హిట్ అంటారు, కథ అంతటితో ముగుస్తుంది. దొరకకపోతే అది మిస్. అపుడు అసలు మెథడ్‌ను నడిపి, ఫలితాన్ని అదే కీ కింద భద్రపరచి, పిలిచినవారికి ఇస్తుంది.

ఈ అడ్వైస్‌ను మెథడ్‌తో కలపడానికి రెండు ముఖ్యమైన మార్గాలున్నాయి. ఆస్పెక్ట్‌జె కంపైలు చేసేటపుడు గానీ, క్లాసును మెమరీలోకి తెచ్చేటపుడు గానీ బైట్‌కోడ్‌నే మారుస్తుంది. స్ప్రింగ్ సాధారణంగా అలా చేయదు. అసలు వస్తువు ముందు ప్రాక్సీ అనే ప్రతినిధి వస్తువును నిలబెడుతుంది. బయటివారి పిలుపులన్నీ ముందుగా ప్రతినిధికి చేరతాయి, క్యాష్‌ను చూసేది అదే.

ఈ తేడా ఎంతటిదో ఫిబొనాచీ సంఖ్యల ఉదాహరణతో స్పష్టమవుతుంది. తన్నుతాను పిలుచుకునే సాదా ఫంక్షనుతో 30వ ఫిబొనాచీ సంఖ్యను కనుగొనడానికి మొత్తం 26,92,537 పిలుపులు అవసరం. ప్రతి ఫలితాన్నీ గుర్తుంచుకుంటే 0 నుండి 30 వరకు 31 లెక్కలు చాలు. ఆస్పెక్ట్‌జెతో నేసినా, పైథాన్ డెకరేటరు పెట్టినా ఈ ప్రయోజనం దక్కుతుంది. స్ప్రింగ్ ప్రాక్సీతో దక్కదు. మొదటి పిలుపు మాత్రమే ప్రతినిధి ద్వారా లోపలికి వస్తుంది. ఆ తరువాత వస్తువు తన మెథడ్‌ను తానే పిలుచుకునే 26,92,536 సార్లూ ప్రతినిధికి తెలియకుండానే జరిగిపోతాయి. చివరకు క్యాష్‌లో మిగిలేది ఒకే ఒక్క ఫలితం. లోపం ఉన్నదని చెప్పే సందేశం ఏదీ రాదు, సమాధానం కూడా సరిగానే వస్తుంది, వేగం మాత్రం పెరగదు. ఒకే క్లాసులోని ఒక మెథడ్ మరొక మెథడ్‌ను పిలిచినపుడు కూడా ఇదే జరుగుతుంది. కొత్తగా స్ప్రింగ్ నేర్చుకునేవారిని క్యాష్ పనిచేయడంలేదని తికమకపెట్టే కారణాలలో ఇది చాలా సాధారణమైనది. క్యాష్ చేయవలసిన మెథడ్‌ను వేరొక క్లాసులోకి మార్చడం దీనికి తేలికైన పరిష్కారం.

కీ ఎంపిక

మెథడ్ ఫలితం ఏయే విషయాలపై ఆధారపడుతుందో అవన్నీ కీలో ఉండాలి. చెప్పడానికి సులభమైన ఈ నియమాన్ని పాటించడం కష్టం, ఎందుకంటే మెథడ్ ఆధారపడే విషయాలన్నీ దానికిచ్చే విలువలలో కనిపించవు.

ఫలితాల వ్యవస్థలో "నా మార్కులు" అనే మరొక మెథడ్ ఉన్నదనుకుందాం. దానికి ఏ విలువా ఇవ్వనక్కరలేదు; లాగిన్ అయిన విద్యార్థి ఎవరో సెషను నుండి తానే తెలుసుకుంటుంది. ఈ మెథడ్ పైన క్యాష్ గుర్తు పెడితే, విలువలేవీ లేవు కాబట్టి అందరికీ ఒకే ఖాళీ కీ తయారవుతుంది. మొదట వచ్చిన విద్యార్థి మార్కులు క్యాష్‌లో చేరతాయి. తరువాత వచ్చిన ప్రతి విద్యార్థికీ అవే మార్కులు కనిపిస్తాయి. ఒక్కరే పరీక్షించి చూసినపుడు ఈ తప్పు బయటపడదు, ఇద్దరు వాడినపుడే తెలుస్తుంది.

కీ తయారీలో రెండు రకాల పొరపాట్లకు అవకాశమున్నది, వాటి పర్యవసానాలు సమానం కావు. ఒకే అర్థానికి రెండు కీలు ఏర్పడితే కొంత మెమరీ, కొంత సమయం వృథా అవుతాయి, అంతే. రెండు అర్థాలకు ఒకే కీ ఏర్పడితే తప్పు సమాధానం వస్తుంది.

మొదటి రకానికి తెలుగులోనే మంచి ఉదాహరణ ఉన్నది. విద్యార్థిని పేరుతో వెతికే మెథడ్‌కు "శైలజ" అనే పేరు ఇచ్చామనుకుందాం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే కోడ్‌తో రాయవచ్చు, లేదా ఎత్వానికి ఐత్వపు పొడిగింపు గుర్తును చేర్చి రెండు కోడ్‌లతో రాయవచ్చు. తెరపైన రెండూ ఒకటే, కంప్యూటరుకు రెండూ వేరు. అలాగే "కిరణ్" వంటి పొల్లుతో ముగిసే పేర్ల చివర కొన్ని టైపింగ్ పరికరాలు కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను చేరుస్తాయి. కీని తయారుచేయక ముందే పేరును యూనికోడ్ నార్మలైజేషనుకు గురిచేస్తే మొదటి ఇబ్బంది తొలగుతుంది. రెండవది దానితో పోదు, ఆ అక్షరాన్ని విడిగా తీసివేయాలి.

రెండవ రకానికి ఉదాహరణ స్ప్రింగ్ చరిత్రలోనే దొరుకుతుంది. 4.0 వెర్షనుకు ముందు, మెథడ్‌కు ఒకటికంటే ఎక్కువ విలువలు ఇచ్చినపుడు వాటి హ్యాష్ సంఖ్యలను కలిపి వచ్చిన సంఖ్యనే కీగా వాడేవారు. కానీ వేర్వేరు విలువలకు ఒకే హ్యాష్ సంఖ్య రావడం సహజం. జావాలో పెద్ద ఎ పక్కన చిన్న ఎ రాస్తే వచ్చే పదానికి, రెండు పెద్ద బి అక్షరాల పదానికి హ్యాష్ సంఖ్య ఒకటే, 2112. అందువలన ఒకరి ఫలితం మరొకరికి వెళ్ళే అవకాశం ఉండేది. 4.0 నుండి విలువలనే పోల్చే కీ ప్రవేశపెట్టబడింది. అయినా ఈ కీలో మెథడ్ పేరు చేరదు. రెండు మెథడ్‌లు ఒకే పేరుగల క్యాష్‌ను పంచుకుంటూ, రెండింటికీ హాల్‌టికెట్ నంబరే ఇస్తే వాటి కీలు కలిసిపోతాయి. మెథడ్‌కు ఒక క్యాష్ పేరు చొప్పున కేటాయించడం మంచిది.

ఒకరి సమాచారం మరొకరికి చేరడం ఊహకు పరిమితమైన ప్రమాదం కాదు. 2015 డిసెంబరు 25న వాల్వ్ సంస్థకు చెందిన స్టీమ్ ఆటల దుకాణంలో కొందరు వినియోగదారులకు ఇతరుల ఖాతా పేజీలు కనిపించాయి. దాదాపు 34 వేల మంది సమాచారం ఇతరులు చూసి ఉండవచ్చునని ఆ సంస్థ ప్రకటించింది. అది మెథడ్ స్థాయిలో కాక వెబ్ పేజీల క్యాష్ అమరికలో జరిగిన తప్పు. అయినా దాని స్వరూపం "నా మార్కులు" ఉదాహరణలోనిదే.

పాతబడిన ఫలితాలు

పునర్మూల్యాంకనంలో ఒక విద్యార్థి మార్కులు 34 నుండి 41కి మారాయనుకుందాం. డేటాబేసులో కొత్త మార్కులు ఉంటాయి, క్యాష్‌లో పాతవే ఉంటాయి. ఆ విద్యార్థికి తాను ఉత్తీర్ణుడైన సంగతి తెలియదు. దీనికి రెండు మార్గాలు అనుసరిస్తారు. ప్రతి ఫలితానికీ పది నిమిషాలు, ఒక గంట వంటి గడువు విధించడం ఒకటి. మార్కులను మార్చే మెథడ్ నడిచినపుడల్లా సంబంధిత ఫలితాన్ని క్యాష్ నుండి తొలగించడం రెండవది. స్ప్రింగ్‌లో ఈ పనికి "క్యాష్ ఎవిక్ట్" అనే గుర్తు ఉన్నది. అధికారులు డేటాబేసులో నేరుగా మార్పులు చేస్తే ఆ మెథడ్ నడవదు కాబట్టి, గడువును కూడా విధించి ఉంచడం క్షేమం.

తొలగింపు ఏ క్షణంలో జరగాలన్నది కూడా ముఖ్యం. డేటాబేసు ట్రాన్సాక్షను ఖరారు కాకముందే క్యాష్‌ను ఖాళీ చేస్తే, ఆ కొద్దిపాటి వ్యవధిలో వచ్చిన మరొక అభ్యర్థన పాత మార్కులను చదివి తిరిగి క్యాష్‌లో పెట్టవచ్చు. ఖరారైన తరువాతనే తొలగించాలి. అనగా క్యాష్ ఆస్పెక్ట్, ట్రాన్సాక్షను ఆస్పెక్ట్ రెండూ ఒకే మెథడ్‌పై ఉన్నపుడు వాటి వరుసక్రమం ఫలితాన్ని మారుస్తుంది. భద్రతా ఆస్పెక్ట్ విషయంలో ఇది ఇంకా తీవ్రమైనది. క్యాష్ ఆస్పెక్ట్ బయటి పొరగాను, అనుమతిని తనిఖీ చేసే ఆస్పెక్ట్ లోపలి పొరగాను ఉంటే, హిట్ అయిన ప్రతిసారీ తనిఖీ జరగకుండానే ఫలితం బయటికి వెళుతుంది. ఆస్పెక్ట్‌లు ఒకదానితో మరొకటి సంబంధం లేకుండా రాయబడతాయన్న మాట ఇక్కడ నిలువదు.

"ఫలితం లేదు" అన్న సమాధానాన్ని భద్రపరచవచ్చునా అన్నది మరొక ప్రశ్న. ఫలితాలు విడుదలయ్యే పది నిమిషాల ముందు ఒక విద్యార్థి వెతికితే వచ్చిన ఖాళీ సమాధానం క్యాష్‌లో చేరి, విడుదల తరువాత కూడా అతనికి అదే కనిపించవచ్చు. మరోవైపు, లేని నంబర్లను ఎవరైనా అదేపనిగా అడుగుతుంటే ఖాళీ సమాధానాలను కూడా గుర్తుంచుకోవడమే డేటాబేసుకు రక్ష. వీటికి చాలా తక్కువ గడువు పెట్టడం వాడుకలో ఉన్న మధ్యేమార్గం.

తొక్కిసలాట

ఎక్కువమంది అడిగే ఫలితం గడువు తీరిన క్షణంలో వందల అభ్యర్థనలు ఒకేసారి మిస్ అయి, అన్నీ డేటాబేసు మీద పడతాయి. దీనిని క్యాష్ స్టాంపీడ్ అంటారు. తొక్కిసలాట అన్నది దీనికి సరిపోయే మాట. ఒక్క అభ్యర్థనను మాత్రమే లోపలికి పంపి, మిగిలినవాటిని దాని ఫలితం కోసం నిలిపి ఉంచడం దీనికి విరుగుడు. 2016లో వచ్చిన స్ప్రింగ్ 4.3లో "సింక్" అనే అమరిక ఇందుకే చేర్చబడింది. అయితే ఒకే కంప్యూటరులోని క్యాష్‌కు పనికివచ్చే ఈ కాపలా, అనేక సర్వర్లు పంచుకునే క్యాష్‌కు సరిపోతుందన్న హామీ లేదు. అది వాడుతున్న క్యాష్ సాఫ్ట్‌వేరుపై ఆధారపడి ఉంటుంది.

తిరిగి ఇచ్చే వస్తువు

సర్వరు మెమరీలోనే ఉండే క్యాష్ సాధారణంగా వస్తువు నకలును కాక ఆ వస్తువునే ఇస్తుంది. మార్కుల జాబితాను తీసుకున్న మరొక కోడ్, తన లెక్క కోసం దానికి 5 కలుపు మార్కులు చేర్చితే, క్యాష్‌లోని జాబితాయే మారిపోతుంది. రెండవసారి నడిస్తే మరో 5 చేరతాయి. మార్చడానికి వీలులేని వస్తువులను మాత్రమే క్యాష్‌లో ఉంచడం ఉత్తమం. రెడిస్, మెమ్‌క్యాష్‌డ్ వంటి విడి సర్వర్లలో భద్రపరచినపుడు వస్తువు బైట్లుగా మారి ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది కాబట్టి ఈ చిక్కు ఉండదు, కానీ నెట్‌వర్కు ప్రయాణానికి సమయం పడుతుంది.

పైథాన్‌లో మరొక విశేషం ఉన్నది. క్లాసులోని మెథడ్‌పై ఎల్‌ఆర్‌యూ క్యాష్ డెకరేటరు పెడితే ఆ వస్తువు కూడా కీలో భాగమవుతుంది. అందువలన ప్రోగ్రాముకు దానితో పని తీరిపోయినా, క్యాష్‌లో ఉన్నంతకాలం అది మెమరీ నుండి తొలగదు. డెకరేటరు మామూలుగా 128 ఫలితాలను మాత్రమే ఉంచి, చాలాకాలంగా వాడనివాటిని తీసివేస్తుంది. పరిమితి లేకుండా అమర్చుకుంటే మెమరీ నిండిపోయే ప్రమాదమున్నది.

లాభనష్టాల లెక్క

డేటాబేసు నుండి మార్కులు తేవడానికి 40 మిల్లీసెకన్లు, నెట్‌వర్కు మీద ఉన్న క్యాష్‌లో వెతకడానికి 1 మిల్లీసెకను పడుతుందనుకుందాం. నూటికి 90 అభ్యర్థనలు హిట్ అయితే సగటు సమయం 5 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. నూటికి 10 మాత్రమే హిట్ అయితే సగటు 37 మిల్లీసెకన్లు. ఆ కొద్దిపాటి లాభం కోసం పాతబడిన ఫలితాల బెడదను తెచ్చుకోనక్కరలేదు. అసలు మెథడ్‌కే అర మిల్లీసెకను పట్టేటట్లయితే, నూటికి 90 హిట్‌లు ఉన్నా సగటు 1.05 మిల్లీసెకన్లు అవుతుంది, అనగా క్యాష్ వలన వ్యవస్థ రెండింతలు నిదానిస్తుంది. హిట్‌ల నిష్పత్తిని కొలవకుండా క్యాష్ గుర్తులు చేర్చుకుంటూపోవడం సరికాదు. పైథాన్ డెకరేటరు హిట్‌లను, మిస్‌లను తానే లెక్కించి అడిగినపుడు చెబుతుంది. జావాలో కెఫీన్ వంటి క్యాష్ లైబ్రరీలలోనూ ఈ లెక్కలున్నాయి, కానీ కెఫీన్‌లో వాటిని విడిగా ప్రారంభించాలి.

కొన్ని మెథడ్‌లను అసలు క్యాష్ చేయకూడదు. ప్రస్తుత సమయాన్ని చెప్పేవి, యాదృచ్ఛిక సంఖ్యలను ఇచ్చేవి, మెయిలు పంపడం, రుసుము వసూలు చేయడం వంటి పనులు చేసేవి ఈ కోవలోకి వస్తాయి. రుసుము కట్టే మెథడ్ రెండవసారి హిట్ అయితే రశీదు వస్తుంది, సొమ్ము మాత్రం జమకాదు.